మా వాకిట్లో నేల లేని చోటు

ముందుగా ప్రమాణం చేస్తున్నాను. మా మడికి పారే కాలువ నీళ్ళు సాక్షిగా, కింద రాసినదంతా నిజం. ఒక్క మాట కూడా అల్లలేదు, పెంచలేదు, తగ్గించలేదు.

ఇంత గట్టిగా ఒట్టు వేయడానికి కారణం ఉంది. నా పేరు నాగప్ప. వయసు యాభై మూడు. బళ్ళారి దగ్గర మా ఊరు కప్పగల్లులో నా పేరు చెబితే మొదట నవ్వుతారు, తర్వాతే ఇల్లు చూపిస్తారు. ఒకప్పుడు నాకు లారీ ఉండేది, సండూరు వైపు నుంచి ఖనిజం తోలేవాణ్ణి. యశ్వంతనగర్ దగ్గర లోడు కోసం నిలబడి ఉంటే చిరుత వచ్చి నా క్యాబిన్లో క్లీనర్ సీట్లో కూర్చుందనీ, నా బీడీ పొగకు తట్టుకోలేక దానంతట అదే దిగిపోయిందనీ టీ అంగట్లో పదేళ్ళుగా చెబుతున్నాను. ఏ రెండుసార్లూ ఆ చిరుత ఒకే పొడవు లేదు. అది నాకూ తెలుసు, వినేవాళ్ళకూ తెలుసు.

అయితే దయ్యాల కథ మాత్రం నేను ఏనాడూ చెప్పలేదు. నమ్మని సరుకు అమ్మడం నాకు చేతకాదు. ఘాట్ రోడ్డు మీద ఏళ్ళ తరబడి ఒక్కణ్ణే బండి తోలాను. బండి చెడి నిలబడిపోయిన చోటల్లా పండుకున్నాను. నాకు కనిపించినవి నక్కలు, పోలీసులు. అంతే. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. ఇందులో దయ్యం లేదు కూడా. ఉన్నదల్లా మా వాకిట్లో మంచమంత నేల, తిప్పేసామి అనే మనిషి.

మా అమ్మాయి పెళ్ళయి హొస్పేటకు పోయాక దాని గది ఖాళీగా పడి ఉంది. ఎరువు సంచులు, పాత టైర్లు అందులో చేరాయి. నా భార్య సరోజకు అది నచ్చేది కాదు. ఒక రోజు మహిళా సంఘం మీటింగు నుంచి వచ్చి, రొట్టె తడుతూ తడుతూ చెప్పింది.

"ఆ గదిలో మనిషి ఉండాల. టైర్లు కాదు."

విషయం ఏమిటంటే, బళ్ళారిలో ఒక సంస్థ ఉంది. వయసుకు పెద్దవాళ్ళే అయినా ఒంటరిగా బతుకు నడుపుకోలేని వాళ్ళు కొందరుంటారు. చూసుకునే తల్లో తండ్రో పోతే వాళ్ళ గతి హాస్టలే. అలాంటి వాళ్ళను ఈ సంస్థ మామూలు కుటుంబాల్లో ఉంచుతుంది. దత్తతా కాదు, అద్దెకు ఉండటమూ కాదు. ఇంటి మనిషిగా ఉంటారు. వాళ్ళ గది వాళ్ళది, వాళ్ళ ఇష్టం వాళ్ళది. స్నానానికీ మందులకూ రోడ్డు దాటడానికీ మనం తోడు. సంస్థ మనిషి అప్పుడప్పుడూ వచ్చి చూసి ఫైల్లో రాసుకుంటారు. మూడు నెలలకు ఒక పెద్ద తనిఖీ. అందులో సరే అంటేనే ఆ మనిషి మనింట్లో నిలుస్తాడు.

మాకు వచ్చినవాడు తిప్పేసామి. నలభై నాలుగేళ్ళ వాడు, నాకంటే అడుగు ఎత్తు. కూరెకుప్పలో వాళ్ళమ్మతో ఉండేవాడు. ఆమె పోయాక బంధువులు దూరపు ఊళ్ళో ఒక హాస్టల్లో చేర్చారు. ఒకే హాలు, అరవై మంచాలు. అక్కడున్న ఎనిమిది నెలల్లో అతను మాట మానేశాడు. ఈ సంగతి చెప్పింది శైలజ మేడం, సంస్థ తరఫున మా ఇంటిని చూసుకునే ఆమె. "ఇంకొకసారి ఆ హాల్‌కి పోతే ఇతను తిరిగి రాడు నాగప్పా" అంది. మనిషి రాడని కాదు, మాట రాదని ఆమె భయం.

వెంటనే తెచ్చి దించరు. మొదట టీకి తెస్తారు, ఇంకోసారి భోజనానికి, మూడోసారి ఒక రాత్రికి. టీకి వచ్చిన రోజు బాగా జ్ఞాపకం. పొద్దున పది గంటలు. ఆటో గేటు దగ్గర ఆగింది. సరోజ వరండాలో నిలబడి "రాప్పా, లోపలికి రా" అని పిలిచింది. గేటు నుంచి వరండాకు నేరుగా పదిహేను అంగలు. తిప్పేసామి గేటులో నిలబడి వాకిలంతా ఒకసారి చూశాడు. తర్వాత కాంపౌండ్ గోడ మీద చెయ్యి పెట్టుకొని, గోడ వెంబడే నడిచి, బర్రెల కొట్టం వెనకగా చుట్టు తిరిగి వరండా ఎక్కాడు. టీ తాగాడు. మళ్ళీ అదే దారిన వెనక్కి పోయాడు.

కుక్కకు భయపడ్డాడేమో అనుకున్నాను. మాకు కుక్క లేదు.

ఎండాకాలం చివర్లో ట్రంకు పెట్టెతో వచ్చేశాడు. అప్పుడు మా ఇంట్లో మిరపకాయల పని. సరోజ రోజూ పొద్దున వాకిలి నడుమ, కొట్టం నీడ పడే చోట టార్పాలిన్ పట్ట పరిచి, కాయల తొడిమలు తీస్తూ కూర్చునేది. ఆ నీడ పదింటి నుంచి పన్నెండు దాకా అక్కడే ఉంటుంది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఆమె కూర్చునే చోటు అదే.

మూడో రోజు తిప్పేసామి వరండా నుంచి దిగి, చుట్టు తిరిగి వచ్చి, ఆ పట్టను కాయలతో సహా లాగి గోడ పక్కకు చేర్చాడు. సరోజ ఇంకా దాని మీదే ఉంది. ఆమె మోచెయ్యి పట్టుకొని లేపి అక్కడ కూర్చోబెట్టి, తనూ కూర్చొని తొడిమలు తీయడం మొదలుపెట్టాడు. అప్పుడన్నాడు ఆ మాట. మా ఇంటికి వచ్చాక అతను పలికిన మొదటి మాట అదే.

"ఆడ వొద్దక్కా. ఆడ నేల లేదు."

నేను పోయి ఆ చోట నిలబడ్డాను. కాలితో రెండుసార్లు తన్నాను. దుమ్ము లేచింది. "ఇదేందప్పా మరి? నా కాళ్ళ కింద ఉండేది ఏంది?" అన్నాను. తిప్పేసామి నా కాళ్ళ వైపు జాలిగా చూశాడు. పడిపోబోయేవాణ్ణి చూసినట్టు.

ఆ చోటు కొలతలు ఇవి. వరండా మెట్టు నుంచి ఎనిమిది అంగలు, కొట్టం గుంజ నుంచి ఆరు. నులక మంచం వేస్తే ఎంత పడుతుందో అంత. నా ఖాళీ లారీ ఎన్నోసార్లు దాని మీదుగా తిరిగింది. వడ్ల మూటలు నెల రోజులు అక్కడే పేర్చి పెట్టిన ఏడాదులున్నాయి. పగులు లేదు, గుంత లేదు, వాన నీళ్ళు ఇంకడంలో తేడా కూడా లేదు.

తను తొక్కకుండా ఉంటే సరిపోయేది. ఎవరినీ తొక్కనిచ్చేవాడు కాదు. నా బైకు అక్కడ నిలిపితే తోసుకుపోయి గేటు బయట పెట్టాడు. మా పెద్దనాన్న కొడుకు పట్టు పంచెతో పెళ్ళి పత్రిక ఇవ్వడానికి వస్తే, ఆయన నడుము పట్టుకొని బస్తాలా ఎత్తి పక్కన దించాడు. దెబ్బ తగల్లేదు. పరువుకు తగిలింది. ఆయన పత్రిక మెట్టు మీద పెట్టి, నీళ్ళు కూడా తాగకుండా పోయాడు.

నెల కాకముందే ఒక బుధవారం శైలజ మేడం వచ్చింది. వరండాలో కూర్చుని అన్నీ అడిగి రాసుకుంది. తిప్పేసామి నా కుర్చీ వెనక నిలబడి నా భుజం మీద చెయ్యి వేసి ఉన్నాడు. ఎవరైనా కూర్చుని ఉంటే అలా చెయ్యి వేసి నిలబడటం అతని అలవాటు. బరువైన చెయ్యి.

మేడం ముఖం తేలిగ్గా లేదు. "ఇతనికి ఈ వాకిలి అంటే దిగులు పట్టుకున్నట్టుంది. దినమూ దిగులుతో ఉంటే అది ఇల్లు కాదు. రివ్యూ లోపల సర్దుకోకుంటే నేను ఏం రాయాలి చెప్పండి" అంది. ఏం రాస్తుందో మాకు తెలుసు. అరవై మంచాల హాలు.

అప్పుడు నిర్ణయించుకున్నాను. ఈ మనిషి ఇక్కణ్ణించి కదలకూడదు. అతణ్ణి నిలపడానికి నా దగ్గర ఉన్న పనిముట్టు ఒక్కటే, నా నోరు. దాన్ని తెరిచాను.

"మేడం, అతని తప్పేమీ లేదు. ఆ చోటు కింద నిజంగానే నేల లేదు. మా ముత్తాత కాలం నాటి పాతర ఉండాది."

పాతర అంటే ఈ కాలం వాళ్ళకు తెలియకపోవచ్చు. పూర్వం మా వైపు జొన్నలు నేలలో లోతుగా గొయ్యి తవ్వి, లోపల రాయి కట్టి, నింపి, పైన బండ మూసి మట్టి కప్పేవాళ్ళు. ఏళ్ళ తరబడి చెడేవి కాదు. కానీ మూసిన పాతరలో గాలి విషమవుతుంది. తెరిచాక ముందు దీపం దించి చూడాలి. దీపం ఆరిపోతే మనిషి దిగకూడదు.

"హగేవు అంటారల్లా, అదేనా?" అని మేడం కన్నడంలో అడిగింది.

"అదే మేడం. మా ముత్తాత తమ్ముడు దీపం దించకుండా దిగి, దాంట్లోనే పోయినాడు. ఆయన్ని పైకి లాగే తొందరలో మూత బండ చెయ్యి జారి రెండు ముక్కలయింది. ఆ రెండు ముక్కలనే ఒకదాని మీదికి ఒకటి ఎక్కించి, మట్టి పోసి మూసేసినారు."

ఇదంతా అప్పటికప్పుడు నా నోట్లోంచి వచ్చింది. తడుముకోలేదు. మా ఇల్లు ముత్తాతల నాటిది కానే కాదు. మా నాయన, ఊరు వదిలి పోయిన వేరే వాళ్ళ దగ్గర ఖాళీ జాగా కొని కట్టింది. మా ముత్తాతకు తమ్ముడు కూడా లేడు.

మేడం పెన్ను ఆగింది. "మరి ఇల్లు సేఫ్ కాదు కదా?" అంది.

నేను నోరు తెరిచేలోగా వంటింటి గడప మీద నుంచి సరోజ అందుకుంది. "అందుకే కదా మేడం, మా ఇంట్లో ఎవురూ ఆడ అడుగు పెట్టరు. మా అత్త కాలం నుంచీ చుట్టూనే తిరుగుతాం. పాపం, తిప్పేసామి వచ్చిన దినమే మా పద్ధతి పట్టుకున్యాడు. వచ్చినోళ్ళకు తెలీక తొక్కుతాంటారు, ఆయప్పకు దిగులు."

నేను తిరిగి సరోజ వైపు చూశాను. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె అబద్ధం చెప్పగా వినడం అదే మొదలు. నాకంటే బాగా చెప్పింది.

మేడం వాకిలి వైపు, తిప్పేసామి వైపు చూసింది. చివరికి అన్నీ రాసుకుంది. పాతర, బండ, రెండు ముక్కలు, ఇంటి పద్ధతి. చుట్టూ సున్నం కొట్టిన రాళ్ళు పెట్టమంది. "నేను చెప్పకుండా వస్తుంటాను" అని లేచి, గోడ వెంబడి చుట్టు తిరిగి గేటు దాటింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరూ వాకిలి అడ్డంగా దాటలేదు. మేడం ఎప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి ఎప్పుడూ చుట్టే తిరగాలి. సరోజ శపథం పట్టినట్టు పట్టింది. నాలుగు రాళ్ళు తెచ్చి సున్నం కొట్టింది. గ్యాస్ సిలిండరు తెచ్చినవాడు దాన్ని భుజం మీద మోసుకుంటూ కొట్టం చుట్టూ తిరిగి వచ్చాడు. నేను మడి నుంచి వచ్చి ఆకలితో అడ్డంగా కాలు వేయబోతే వరండాలోంచి విసురుతానన్నట్టు చెంబు ఎత్తి చూపించేది. బర్రెలకు మాత్రం మూడు రోజులు పట్టింది. వాటికి ఫైలు సంగతి తెలియదు కదా.

పక్కింటి ఎర్రిసామి తాతకు డెబ్భై అయిదు దాటాయి. గోడ మీద గడ్డం ఆనించి ఈ ఊరేగింపు చూసేవాడు.

"ఏం నాగప్పా, ఇంటి లోపలే ప్రదక్షిణం చేస్తాండావు?"

"మా ఇంటి పద్ధతి తాతా."

"మొన్నటి దాకా లేని పద్ధతి యాడ కొన్నావప్పా? నీ పెండ్లి విస్తర్లు ఆడనే వేసిరి. నేను రెండు తూర్లు పాయసం తిన్యా ఆ చోటనే."

"కాలు పడకుండా తిన్యావులే తాతా, గుర్తు చేసుకో."

ఆయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. కానీ మా ఇంటికి వస్తే ఆయన కూడా చుట్టే వచ్చేవాడు. సరోజ చెంబంటే ఆయనకూ భయమే.

రెండు నెలల్లో గోడ వెంబడి కాలిబాట పడింది. తిప్పేసామి దిగులు పోయింది. ఎవరూ ఆ చోటు తొక్కకపోతే అతనికి ఇంక ఏ బాధా లేదు. పొద్దున లేచి పళ్ళు తోముకొని, తన గ్లాసు తను కడుక్కొని టీకి నిలబడేవాడు. మిరపకాయల్లో తాలు కాయ వేరు చేయడంలో సరోజ కంటే చురుకు. నాతో టీ అంగడికి వచ్చి కూర్చునేవాడు. ఒక రోజు నేను చిరుత కథ చెబుతుంటే మధ్యలో అందుకున్నాడు.

"నిన్న పులి చిన్నదన్నా."

అంగడంతా నవ్వింది. నేనూ నవ్వాను. హాస్టల్లో మాట పోగొట్టుకున్నాడన్న మనిషి, పదిమందిలో నా అబద్ధం పట్టుకున్నాడు. అతను నా పక్కన నడుస్తుంటే మనసుకు బాగుండటం ఎప్పుడు మొదలైందో నేను గమనించలేదు.

కాలువకు నీళ్ళు వదిలిన వారంలో మూడు నెలల తనిఖీ పడింది. శైలజ మేడంతో పాటు సంస్థ పెద్దాఫీసు నుంచి ఒక సార్ వచ్చాడు. పద్ధతైన మనిషే. ఫైలంతా చదివి వచ్చాడు. కానీ పాతర కథ మీద ఆయనకు నమ్మకం లేదు.

"మీరు అతని భయాన్ని మోస్తున్నారు, తగ్గించడం లేదు" అన్నాడు. తిప్పేసామిని పిలిచి, "చూడప్పా, ఏమీ కాదు" అంటూ బూట్లతో ఆ రాళ్ళ మధ్యకు పోయి నిలబడ్డాడు.

తిప్పేసామి అరవలేదు. రాళ్ళ బయట నిలబడి చెయ్యి చాచి, సార్ చొక్కా గుండెల దగ్గర గుప్పెట్లో పట్టుకొని ఒక్క లాగు లాగాడు. సార్ వచ్చి అతని మీద పడ్డాడు. రెండు గుండీలు ఊడిపోయాయి.

"కొట్టలేదు సార్. చెయ్యి పట్టి ఇవతలికి తీసినాడు. అంతే" అని సరోజ అంది. అప్పటికే సార్ ముఖం ఎర్రబడింది. ఇంట్లోవాళ్ళ మీద, బయటివాళ్ళ మీద చెయ్యి చేసుకునే మనిషిని కుటుంబంలో ఉంచడానికి నియమం ఒప్పుకోదన్నాడు. సోమవారం బండి వస్తుంది, సామాను సర్దండి అన్నాడు.

నేను గేటుకు అడ్డంగా నిలబడ్డాను. "సార్, మూడు నెలల్లో మా ఇంట్లో ఎవరికీ గోటి గీత పడలేదు. అతను సర్దుకోలేదంటారు. మేమంతా సర్దుకున్నాం కదా. నలుగురు ఒకరి కోసం చుట్టు తిరిగితే మీ నియమానికి నష్టమేముంది?" అన్నాను. సార్ నా పక్కనుంచి పోయాడు.

అది గురువారం. సరోజ ట్రంకు పెట్టె ముట్టలేదు. శుక్రవారం కూడా ముట్టలేదు. పైగా పెట్టె మీద ఎక్కి కూర్చుని రొట్టె తింది. "బండి వస్తే రానీ. ఖాళీగా పోతుంది" అంది.

శనివారం పొద్దున పది దాటింది. కొట్టం నీడ ఎప్పటిలాగే ఆ రాళ్ళ మధ్య పడి ఉంది. సరోజ, తిప్పేసామి గోడ పక్కన చెరో చాట పట్టుకొని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. నేను వరండాలో పంపు బోల్టు విప్పుతున్నాను. ఎండ కాస్తోంది. గాలి లేదు.

తిప్పేసామి చాట కింద పెట్టాడు. రెండు చేతులూ చెవుల మీద పెట్టుకున్నాడు. ఆ తర్వాతే చప్పుడయింది. ఎత్తు నుంచి వడ్ల మూట జారి పడ్డట్టు, దబ్బుమని ఒక్కసారి. వాకిలి నడుమ దుమ్ము లేచింది. దుమ్ము తగ్గాక చూస్తే నాలుగు సున్నపు రాళ్ళలో రెండు లేవు. మంచమంత గొయ్యి నోరు తెరిచి ఉంది.

చెవులు ముందు మూసుకున్నాడు, చప్పుడు తర్వాత అయింది. ఈ వరస నేను చూశాను, సరోజ చూసింది. దీనిలో మార్పు లేదు.

ఎర్రిసామి తాత గోడ అవతల నుంచి పరుగులాంటి నడకతో వచ్చాడు, చుట్టూ తిరిగే. గొయ్యి అంచుకు ఎవరినీ పోనివ్వలేదు. "దీపం తెండి" అన్నాడు. లాంతరు లేదు. ఇత్తడి ప్రమిదను పంపు తాడుకు కట్టి, పొడుగు వెదురు కర్ర కొసన వేలాడదీసి దించాం. మనిషి నిలువు దిగగానే ఆరిపోయింది. వెలిగించి మళ్ళీ దించాం. అదే లోతులో ఆరింది. మూడోసారీ అంతే.

తాత నా ముఖంలోకి చూశాడు. "నీ పెండ్లిలో నేను దీని మీదనే కూకున్యానా నాగప్పా" అన్నాడు. ఆ తర్వాత పోయి మా మెట్టు మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి శైలజ మేడం వచ్చింది. సరోజ ఫోన్ చేసింది. ఫైలు తనతోనే తెచ్చింది. టార్చి వేసి చూశాం. గుండ్రంగా రాతి కట్టడం, రెండు నిలువుల పైన లోతు. అడుగున నల్లబడిన జొన్నపొట్టు కొంచెం. దాని మీద పడి ఉన్నవి మూత బండ ముక్కలు. రెండు. పడినప్పుడు విరిగింది కాదు. విరిగిన అంచు పాతబడి, మట్టి పట్టి, నున్నగా ఉంది. ఎప్పుడో విరిగిన బండనే రెండు ముక్కలుగా పెట్టి మూశారు.

మేడం ఫైలు తిప్పి తన చేతిరాత చదివింది. టార్చి వెలుగులో కిందికి చూసింది. మళ్ళీ చదివింది. పాతర నేను అల్లానని అప్పుడు చెబితే ఎవరు నమ్ముతారు?

సోమవారం బండి రాలేదు. సార్ వచ్చాడు. అంచుకు దూరంగా నిలబడి, తన బూట్లు ఆనిన చోటు ఏదో లెక్క కట్టుకున్నాడు. తర్వాత తిప్పేసామి దగ్గరికి పోయి చెయ్యి పట్టుకున్నాడు. తిప్పేసామి ఆయన కొత్త చొక్కా గుండీలు ముట్టి చూసి, అన్నీ ఉన్నాయని తృప్తి పడ్డాడు. ఫైల్లో సార్ ఏం రాశాడో నాకు తెలియదు. మనిషి మాత్రం మా ఇంట్లోనే ఉన్నాడు. ఇప్పుడు కూడా.

పాతరను మూడు ట్రాక్టర్ల ఎర్రమట్టితో పూడ్చి, నీళ్ళు పట్టి, దిమ్మిస కొట్టించాం. చివరి రోజు కూలీలు పోయాక తిప్పేసామి వరండా మెట్టు దిగాడు. గోడ వైపు తిరగలేదు. నేరుగా పోయి ఆ చోటు నడుమ నిలబడి, కుడి కాలితో రెండుసార్లు తన్నాడు. అచ్చం నేను తన్నినట్టే.

"ఇప్పుడుండాది" అన్నాడు.

కాలువ ఊటకు కట్టడం వదులై కూలింది, దానికి కారణం చెప్పగలను. అతనికి ముందే ఎలా తెలిసిందో చెప్పలేను. గేటులో అడుగు పెట్టక ముందే, ఒక్క చూపులో. కూరెకుప్పలో వాళ్ళ ఇల్లు చూసి వచ్చాను. రేకుల ఇల్లు, బండ నేల, పాతర ఊసే లేదు. జాగా అమ్మినవాళ్ళ మనుమలను ఆదోని దగ్గర వెతికి పట్టుకొని అడిగాను. వాళ్ళకూ తెలియదు. మా అక్కను అడిగాను, చిన్నప్పుడు నాకెవరైనా చెప్పారేమోనని. ఎవరూ చెప్పలేదు.

అంతకంటే తెలియనిది ఇంకొకటి. బండ రెండు ముక్కలని నాకెవరు చెప్పారు? ఎన్నో వేల అబద్ధాలు ఆడాను. ఒక్కటీ నేలలోంచి బయటికి రాలేదు. ఆ బుధవారం నా భుజం మీద ఒక చెయ్యి ఉందని మాత్రం జ్ఞాపకం. దాన్నుంచి ఏం అర్థం చేసుకోవాలో నాకు తెలియదు.

ఇక్కడితో ముగించి కాగితాలు సరోజకు ఇచ్చాను. ఆమె వరండాలో కూర్చుని మొత్తం చదివింది. వెనక్కి తిప్పి ఒక చోట వేలు పెట్టింది. 'ఈ మనిషి ఇక్కణ్ణించి కదలకూడదు' అని రాసిన చోట.

"ఈడ నేల లేదు" అంది.

కాబట్టి ఒప్పుకుంటున్నాను. ఇందులో నేను కల్పించినది అదొక్కటే. ఆ బుధవారం మేడం తనంతట తాను రాలేదు. సరోజకు తెలియకుండా నేనే ఫోన్ చేసి రమ్మన్నాను. పట్టు పంచె పెద్దమనిషి ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు, టీ అంగట్లో నా కథలకు బదులు నా ఇంటి కథ నడుస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది. పాతర కథ అల్లింది తిప్పేసామిని నిలపడానికి కాదు. వాకిలి కింద గొయ్యి ఉందంటే, ఇల్లు సేఫ్ కాదని మేడమే అతణ్ణి తీసుకుపోతుందని. చెడ్డపేరు రాకుండా పంపించేయడానికి. అతని చెయ్యి నా భుజం మీద ఉండగానే.

నేను తవ్విన ఆ గోతిని సరోజ ఒక్క మాటతో ఇంటి పద్ధతిగా మార్చేసింది. అందుకే ఆమె వైపు తిరిగి చూశాను. మెచ్చుకుని కాదు.

గేటుకు అడ్డంగా నిలబడి సార్‌తో అన్న మాటలు మాత్రం నావే. అప్పటికి రెండు నెలలు అతని కోసం చుట్టు తిరిగి ఉన్నాను.

మిగతాదంతా నిజం. నమ్మకపోతే ఫైలు బళ్ళారిలో ఉంది, మట్టి పూడ్చిన చోటు మా వాకిట్లో ఉంది. పొద్దున పదింటికి వస్తే, ఆ నీడలో పట్ట పరుచుకొని ఇద్దరు కూర్చుని ఉంటారు. నేరుగా నడిచి రావచ్చు.